పసుపుపచ్చ ముఖం, నల్లబడ్డ పేజీ: ఫొటో ఎడిటింగ్ మానిటర్‌కు ఏ క్యాలిబ్రేషన్ ఎంచుకోవాలి

తిరుచానూరులో ఒక పెళ్లికి ఫొటోలు తీసి, ఆల్బమ్ డిజైన్ చేసి, ల్యాబ్ నుంచి ప్రింటై వచ్చిన పెట్టెను మా స్టూడియోలో విప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. జీలకర్ర బెల్లం పేజీలో పెళ్లికూతురి ముఖం కామెర్లు వచ్చినట్టు పసుపుపచ్చగా ఉంది. పక్క పేజీలో మండపం వెనుక వరుసలో నిలబడిన బంధువుల ముఖాలు చీకట్లో కలిసిపోయాయి. ల్యాబ్ వాళ్లతో ఫోనులో గట్టిగానే మాట్లాడాను. రెండు రోజుల తరువాత అవే ఫైళ్లను ఒక మిత్రుడి దగ్గర, పరికరంతో కొలిచి సర్దిన మానిటర్ మీద తెరిచి చూస్తే, ముఖం అక్కడా పసుపుపచ్చగానే ఉంది, బంధువులు అక్కడా చీకట్లోనే ఉన్నారు. ల్యాబ్ నేను పంపినదాన్నే అచ్చు వేసింది. తప్పు నా టేబుల్ మీది మానిటర్‌ది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పెట్టెలోంచి తీసిన స్థితిలోనే దాన్ని మూడేళ్లు వాడిన నాది.

జరిగింది వివరిస్తే చాలామందికి తమ కథే అనిపిస్తుంది. కొత్త మానిటర్లు ఎక్కువ భాగం షాపులో పది తెరల మధ్య మెరిసిపోయేలా, వెలుగు బాగా పెంచి, తెలుపును నీలం వైపు జరిపి వస్తాయి. నీలం ఎక్కువైన తెర మీద పసుపు రాసుకున్న చర్మం పాలిపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేస్తున్నానని అనుకుంటూ నేను చేతులారా పసుపు కలిపాను. తెర వెలుగు ఎక్కువ కావడం వల్ల ఫొటో తెల్లబోయినట్టు కనిపించింది. దాన్ని సరిచేయాలని ఎక్స్‌పోజర్ తగ్గించాను. ఈ రెండు దిద్దుబాట్లూ తెర కోసం చేసినవే తప్ప ఫొటోకు అవసరమైనవి కావు. అవి రెండూ కాగితం మీద బయటపడ్డాయి.

ఈ పరిస్థితి నుంచి బయటపడడానికి నేడు నాలుగైదు మార్గాలు ఉన్నాయి. ఏ ఖర్చూ లేకుండా కంటితో సర్దుకోవచ్చు. ఫ్యాక్టరీలోనే సర్ది వచ్చిన మానిటర్ కొనవచ్చు. కలరిమీటర్ అనే కొలత పరికరం కొని ఉన్న మానిటర్‌నే దారికి తెచ్చుకోవచ్చు. లేదా తన లోపలే క్యాలిబ్రేషన్‌ను, అంటే రంగుల సర్దుబాటును, దాచుకునే ఖరీదైన మానిటర్‌కు వెళ్లవచ్చు. నా అభిప్రాయం మొదటే చెబుతాను: తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పెళ్లిళ్లు, సీమంతాలు, పుట్టినరోజులు తీసి ల్యాబ్ ప్రింటు కోసం పంపే స్టూడియోకు మొదటి పెట్టుబడి కలరిమీటరే. కొత్త మానిటర్ మాట దాని తరువాత.

ఫొటో చివరికి ఎక్కడికి చేరుతుంది

ఎంపిక మొదలయ్యేది ఈ ప్రశ్నతోనే. ఆల్బమ్, ల్యామినేషన్ ఫొటోల కోసం ల్యాబ్‌కు వెళ్లే ఫైలు సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల పరిధిలోని జేపెగ్. ల్యాబ్ యంత్రం దానినే ఆశిస్తుంది. అంతకంటే విస్తృతమైన అడోబ్ ఆర్‌జీబీలో పంపిన ఫైలులోని ప్రొఫైల్‌ను, అంటే అది ఏ పరిధిలో ఉందో చెప్పే సమాచారాన్ని, ల్యాబ్ పట్టించుకోకపోతే, పట్టుచీరల రంగులన్నీ ఉతికి ఆరేసినట్టు వెలిసిపోయి వస్తాయి. వాట్సాప్‌కూ ఇన్‌స్టాగ్రామ్‌కూ వెళ్లే ఫొటోకు కూడా ఎస్‌ఆర్‌జీబీయే క్షేమం. సొంతంగా పది, పన్నెండు ఇంకుల ప్రింటర్ పెట్టుకుని ఫైన్ ఆర్ట్ కాగితం మీద అచ్చు వేసేవారికి మాత్రమే అంతకు మించిన రంగుల పరిధి నిజంగా పనికివస్తుంది.

ఎస్‌ఆర్‌జీబీని హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అడోబ్ ఆర్‌జీబీ 1998లో వచ్చింది. ఈ రెండింటి మధ్య తేడాను మన పనికి అన్వయించి చూస్తే ఆసక్తికరమైన సంగతి ఒకటి తేలుతుంది. ప్రతి రంగుల పరిధికీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు మూలలు ఉంటాయి. అడోబ్ ఆర్‌జీబీలో ఎరుపు మూల, నీలం మూల ఎస్‌ఆర్‌జీబీలో ఉన్న చోటే ఉన్నాయి. ఆకుపచ్చ మూల ఒక్కటే దూరం జరిగింది. కాబట్టి 99 శాతం అడోబ్ ఆర్‌జీబీ మానిటర్ కొంటే కుంకుమ మరింత ఎర్రగా కనిపిస్తుందని ఆశపడే వారికి అక్కడ దొరికేది స్వల్పమే. చిలకపచ్చ, నెమలికంఠం రంగు పట్టుచీరల లోతైన ఛాయల్లో మాత్రం తేడా కనిపిస్తుంది. ఎరుపు మూల నిజంగా దూరం జరిగింది సినిమా రంగం నుంచి వచ్చిన పీ3లో. ఇప్పటి ఖరీదైన ఫోన్లూ ఆపిల్ తెరలూ ఆ పరిధిలోనే పనిచేస్తాయి.

సర్దడం వేరు, రాసుకోవడం వేరు

క్యాలిబ్రేషన్ అనే ఒక్క మాట కింద మనం రెండు పనులను కలిపేస్తుంటాం. కిరాణా కొట్టు కాటాతో పోల్చి చెబుతాను. ముల్లు సున్నా దగ్గర నిలిచేలా కాటాను సర్దడం ఒక పని. సర్దిన తరువాత కూడా అది కిలోకు ఐదు గ్రాములు ఎక్కువ చూపుతోందని తెలుసుకుని, ఆ సంగతిని చీటీ మీద రాసి కాటాకు అతికించడం రెండో పని. మానిటర్‌లో మొదటిది క్యాలిబ్రేషన్: వెలుగును, తెలుపును, గామాను (నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయలు ఎంత వెలుగుతో కనిపించాలో నిర్ణయించే అమరికను) ఒక తెలిసిన స్థితికి తేవడం. రెండోది ప్రొఫైలింగ్: ఆ స్థితిలో మానిటర్ ఏ రంగును ఎలా చూపుతోందో కొలిచి ఐసీసీ ప్రొఫైల్ అనే ఫైలులో రాయడం. ఫొటోషాప్, లైట్‌రూమ్ వంటివి ఆ చీటీ చదివి, తేడాను సరిచేసి రంగు చూపిస్తాయి. చీటీ చదవని ప్రోగ్రాములో ఆ సవరణ జరగదు. ఒకే ఫొటో ఫొటోషాప్‌లో ఒకలా, మరో వ్యూయర్‌లో ఇంకోలా కనిపించడానికి మొదటి అనుమానం ఇక్కడే పెట్టుకోవాలి.

ఈ సందర్భంలోనే మన డిజైనర్లలో తరచు కనిపించే ఒక పొరపాటు చెప్పాలి. కొందరు మానిటర్ ప్రొఫైల్‌ను తయారు చేసుకుని, ఫొటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ స్పేస్ అని ఉన్న చోట దాన్ని ఎంచుకుంటారు. అది చేయకూడదు. మానిటర్ ప్రొఫైల్ ఉండవలసింది విండోస్ లేదా మ్యాక్ డిస్‌ప్లే సెట్టింగ్‌లలో. ఫొటోషాప్ దాన్ని అక్కడి నుంచి తానే తీసుకుంటుంది. వర్కింగ్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీగానే ఉండాలి.

గమ్యం ఏమిటన్న దాంట్లో పెద్ద వివాదం లేదు. తెలుపు డీ65, అంటే సుమారు 6500 కెల్విన్ (ఈ అంకె తగ్గేకొద్దీ తెలుపు పసుపు వైపు జరుగుతుంది), గామా 2.2, వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 కాండెలాలు. ప్రింటును 5000 కెల్విన్ దీపం కింద పెట్టి తెరతో పోల్చే ప్రెస్‌లలో తెలుపును ఇంకాస్త పసుపు వైపు దింపుతారు. ల్యాబ్‌కు ఫైలు పంపి ఊరుకునే మనకు ఆ అవసరం లేదు.

కంటితో సర్దుకోవడం: ఎంతవరకు నమ్మవచ్చు

విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ అడుగడుగునా చెబుతూ చేయించే క్యాలిబ్రేషన్ సాధనం ఉచితంగానే ఉంది. గామా, వెలుగు, బూడిద రంగు సమతూకం కంటితో చూసి సర్దుతాం. దీనిలోని చిక్కు కన్ను బాగా సర్దుకుపోయే అవయవం కావడమే. ట్యూబ్‌లైటు కింద అరగంట కూర్చుంటే ఆ వెలుగే తెలుపనిపిస్తుంది. నీలపు తెర ముందు అరగంట కూర్చుంటే ఆ నీలమే తెలుపనిపిస్తుంది. అందువల్ల గామానూ నీడల వివరాలనూ కంటితో ఓ మాదిరిగా సర్దవచ్చు గాని, తెలుపును కంటితో తేల్చడం దాదాపు అసాధ్యం. మానిటర్ మెనూలో 6500 లేదా ఎస్‌ఆర్‌జీబీ అనే అమరిక ఉంటే కంటి కంటే దాన్ని నమ్మడం మేలు.

వెలుగు విషయంలో మాత్రం ఫొటోగ్రాఫర్‌కు ఇతరులకు లేని ఒక సౌలభ్యం ఉంది. మన చేతిలోని కెమెరాయే ఒక కాంతిమాపకం. మానిటర్ మీద ఖాళీ తెల్ల పేజీని తెర నిండా తెరవాలి. కెమెరాను మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ 100, ఎఫ్/4 వద్ద పెట్టి, ఫోకస్‌ను కావాలనే తప్పించి, ఫ్రేమ్ నిండా తెలుపే ఉండేలా తెరకు దగ్గరగా పట్టుకోవాలి. షట్టర్ 1/50 దగ్గర కెమెరాలోని వెలుగు మీటరు సున్నా చూపితే తెర వెలుగు సుమారు 100 కాండెలాలు. 1/60 దగ్గర చూపితే 120, 1/40 దగ్గర చూపితే 80. షట్టర్ వేగంలో కింది అంకెను రెట్టింపు చేస్తే కాండెలాలు వస్తాయన్న మాట. కెమెరా కంపెనీని బట్టి కొద్ది తేడా ఉంటుంది గాని, మనకు కావలసిన ఉజ్జాయింపుకు ఇది చాలు. నా పాత మానిటర్‌ను ఇలా కొలిస్తే 1/160 దగ్గర సున్నా చూపింది. అంటే 320 కాండెలాలు, కావలసినదానికి మూడు రెట్లు పైమాట. బంధువులు చీకట్లోకి ఎందుకు వెళ్లారో ఆ ఒక్క అంకె చెప్పేసింది.

ప్రింట్లు నల్లగా వస్తున్నాయని బాధపడే స్టూడియో మిత్రులకు నేను ముందుగా చేయించేది ఈ పరీక్షే. రూపాయి ఖర్చు లేకుండా, ఐదు నిమిషాల్లో, సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి. మొదటి రెండు రోజులు తెర మసకబారినట్టు అనిపించి పాత వెలుగుకు వెళ్లిపోవాలని చేయి లాగుతుంది. ఓర్చుకోవాలి, కన్ను అలవాటు పడుతుంది.

అరువు ప్రొఫైల్, ఫ్యాక్టరీ సర్దుబాటు

మీ మానిటర్ మోడల్‌కే ఎవరో తయారు చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రొఫైల్‌ను దింపుకుని వాడడం మరో మార్గంగా చలామణిలో ఉంది. ఒకే మోడల్‌లోని రెండు మానిటర్లు కూడా ఒకేలా ఉండవు, ఎవరి వెలుగు అమరిక వారిది. పక్కింటివారి కళ్లజోడు పెట్టుకున్నట్టే ఉంటుంది. దీని గురించి ఇంతకు మించి చెప్పనవసరం లేదు.

ఫ్యాక్టరీలో కొలిచి, ఆ కొలతల కాగితాన్ని పెట్టెలో పెట్టి పంపే మానిటర్ల సంగతి వేరు. ఆసుస్ ప్రోఆర్ట్, బెన్‌క్యూ, డెల్ అల్ట్రాషార్ప్ వంటి శ్రేణుల్లో ఇవి దొరుకుతాయి. డెల్టా ఈ 2 కంటే తక్కువ అని రాసి ఉంటే, కావలసిన రంగుకూ చూపే రంగుకూ మధ్య తేడా కంటికి కష్టం మీద మాత్రమే ఆనుతుందని అర్థం. కొత్తగా స్టూడియో పెట్టేవారు, కొలత పరికరం మీద ఇప్పుడే డబ్బు పెట్టలేనివారు, ఇలాంటి ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ప్యానెల్ ఉన్న) మానిటర్ కొని ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో ఉంచి, వెలుగును పైన చెప్పిన కెమెరా పద్ధతిలో తగ్గించుకుంటే మొదటి ఏడాది నిశ్చింతగా గడుస్తుంది. కొన్ని మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఎంచుకోగానే వెలుగు సర్దే మీట పనిచేయకుండా పోతుంది. కొనేముందు షాపులోనే మెనూ తెరిచి ఆ ఒక్క సంగతి చూసుకోవాలి. ఎల్‌ఈడీ వెనుక దీపం వయసుతో పాటు మసకబారుతుంది, తెలుపు జరుగుతుంది. ఆ కాగితం మీది అంకెలు పెట్టె మూసిన నాటివని మరవకూడదు.

ఏది కొన్నా ప్యానెల్ రకం చూడాలి. టీఎన్ ప్యానెల్ ముందు తల కాస్త కిందికి దించితే నీడలు మారిపోతాయి. దాన్ని క్యాలిబ్రేట్ చేయడం వృథా శ్రమ. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది గాని పక్క నుంచి చూస్తే ఛాయ మారుతుంది. చౌక ల్యాప్‌టాప్‌లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ ప్రమాణపు రంగుల పరిధి) అని రాసి ఉన్న తెరలు ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులకు కూడా చాలవు. ఎస్‌ఆర్‌జీబీ మొత్తం రావాలంటే ఆ లెక్కలో 72 శాతం ఉండాలి. తెర చూపలేని ఎరుపును ఏ పరికరమూ పుట్టించలేదు.

కలరిమీటర్: ఎక్కువ మందికి సరిపోయేది

అరచేతిలో ఇమిడే చిన్న పరికరం ఇది. తెరకు ఆనించి వేలాడదీస్తే, సాఫ్ట్‌వేర్ ఒకదాని తరువాత ఒకటి రంగులు చూపుతుంది, పరికరం చదువుతుంది, చివరికి ప్రొఫైల్ తయారవుతుంది. మార్కెట్‌లో ప్రధానంగా రెండు కుటుంబాలు ఉన్నాయి. ఒకటి డేటాకలర్ వారి స్పైడర్. రెండోది కాలిబ్రైట్, ఎక్స్‌రైట్ సంస్థ ఫొటోగ్రఫీ పరికరాలు 2021 నుంచి ఈ పేరుతో వస్తున్నాయి. పాత ఐ1డిస్‌ప్లే ప్రో వాడినవారికి కాలిబ్రైట్ డిస్‌ప్లే ప్రో కొత్తగా అనిపించదు. రెండు కుటుంబాల్లోనూ చౌక రకానికీ ఖరీదైన రకానికీ మధ్య తేడా చాలావరకు సాఫ్ట్‌వేర్‌లోనూ, ఎంత ఎక్కువ వెలుగును కొలవగలదన్న దాంట్లోనూ ఉంటుంది. 100 కాండెలాల దగ్గర పనిచేసే మనకు 2000 కాండెలాలు కొలవగలనన్న గొప్ప అక్కరలేదు. హెచ్‌డీఆర్ (మామూలు కంటే ఎక్కువ వెలుగు పరిధి ఉన్న) వీడియోలకు రంగులు సర్దేవారు మాత్రమే దాని గురించి ఆలోచించాలి.

ఈ రెండింటిలో నేను కాలిబ్రైట్ వైపు మొగ్గుతాను. కారణం సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ. గ్రేమ్ గిల్ రాసిన ఆర్గిల్, దాని మీద ఫ్లోరియన్ హోహ్ నిర్మించిన డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ కుటుంబపు డిస్‌ప్లే ప్రోతో ఎంతో కాలంగా బాగా పనిచేస్తున్నాయి. డిస్‌ప్లేకాల్ అసలు రూపం ఆగిపోయినా, పైథాన్ 3కు మార్చిన రూపాన్ని ఇతరులు కొనసాగిస్తున్నారు. కంపెనీ రేపు పాత పరికరానికి సాఫ్ట్‌వేర్ ఇవ్వడం మానేసినా మన డబ్బు బూడిద పాలు కాదు. మెనూలు చూస్తేనే తలనొప్పి వచ్చేవారికి, నాలుగు మీటలు నొక్కి పని ముగించాలనుకునేవారికి స్పైడర్ హాయిగా ఉంటుంది, వేగంగానూ ఉంటుంది. ఆల్బమ్ పనిలో ఈ రెండింటి ఫలితాల మధ్య తేడాను కస్టమర్ ఎన్నడూ కనిపెట్టలేడు.

పాత పరికరం తక్కువ ధరకు వస్తోందంటే జాగ్రత్త పడాలి. వెనుకటి తరం కలరిమీటర్లలోని ఫిల్టర్లు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ రంగు మారతాయి. పైగా వాటిని తయారు చేసిన నాటికి నేటి విస్తృత రంగుల తెరలు లేవు. కొత్త పరికరంలో కూడా సాఫ్ట్‌వేర్ తెర రకం అడిగినప్పుడు సరైనదే ఎంచుకోవాలి: మామూలు వైట్ ఎల్‌ఈడీ, విస్తృత పరిధి ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ, వీటిలో మీ మానిటర్ ఏదో దాని వివరాల పత్రంలో ఉంటుంది. ఇది తప్పితే పరికరం శ్రద్ధగా కొలిచి శ్రద్ధగా తప్పు చెబుతుంది.

పని చేసే తీరును ఒకసారి దగ్గరగా చూద్దాం. మానిటర్‌ను కనీసం అరగంట ముందే ఆన్ చేసి ఉంచాలి. మెనూలోకి వెళ్లి అన్నింటినీ ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి, డైనమిక్ కాంట్రాస్ట్, కంటి రక్షణ మోడ్, తానే వెలుగు మార్చుకునే అమరికలను ఆపాలి. విండోస్ నైట్ లైట్‌నూ మ్యాక్ ట్రూ టోన్‌నూ ఆపడం చాలామంది మరచిపోతారు. సాయంత్రం ఆరు దాటగానే తెర నారింజ రంగుకు తిరిగితే పగలు చేసిన కొలత వ్యర్థం. పరికరాన్ని వేలాడదీసి, తెరను కాస్త వెనక్కి వంచితే అది తన బరువుతో అతుక్కుని కూర్చుంటుంది, మధ్యలో వెలుగు చొరబడదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ చూపే గీతలను బట్టి మానిటర్ మెనూలోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మీటలను జరిపి తెలుపును 6500 దగ్గరకు తేవాలి. నా మానిటర్‌లో నీలాన్ని 100 నుంచి 84కు దించవలసి వచ్చింది. పెళ్లికూతురి ముఖానికి నేను కలిపిన పసుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పదహారు మెట్లు చూపించాయి. మిగిలిన పని సాఫ్ట్‌వేర్‌దే.

మెనూలో చేయగలిగినదంతా మెనూలోనే చేయమనడానికి కారణం ఉంది. మామూలు మానిటర్‌లో సాఫ్ట్‌వేర్ చేసే దిద్దుబాటు గ్రాఫిక్స్ కార్డులో జరుగుతుంది. అక్కడ ఒక్కో రంగుకు ఉన్నవి 256 మెట్లే. వాటిలో కొన్నింటిని దిద్దుబాటుకే ఖర్చు చేస్తే, శేషాచలం కొండల వెనుక సాయంత్రపు ఆకాశం వంటి మెత్తని ఛాయల్లో చారలు కనిపిస్తాయి. మీటలతోనే తెలుపు దగ్గరకు వస్తే ఆ ఖర్చు తగ్గుతుంది.

ధర విషయానికి వస్తే, ఒక స్టూడియోకు ఇది ఒక చిన్న ప్రైమ్ లెన్సు కొన్నంత. అదీ భారమే అనుకుంటే, ముగ్గురు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడంలో నష్టమేమీ లేదు. ఒక్కొక్కరికీ నెలకు అరగంట పని. మిగిలిన రోజులన్నీ పరికరం డబ్బాలోనే నిద్రపోతుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే లైసెన్సు చిక్కు కూడా రాదు.

హార్డ్‌వేర్ క్యాలిబ్రేషన్: ఎవరికి, ఎందుకు

ఐజో కలర్ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వంటి మానిటర్లలో దిద్దుబాటు పట్టిక గ్రాఫిక్స్ కార్డులో ఉండదు; మానిటర్ లోపలే, 14 లేదా 16 బిట్ల సూక్ష్మతతో నిలుస్తుంది. పైన చెప్పిన చారల బాధ తీరుతుంది, కంప్యూటర్ మార్చినా సర్దుబాటు చెదరదు. ప్రింటుకు ఒకటి, వెబ్‌కు ఒకటి, వీడియోకు ఒకటి అని అమరికలు దాచుకుని మీట నొక్కి మారవచ్చు. ఐజోలో కొన్ని రకాలకు కొలత పరికరం చట్రంలోనే అమర్చి ఉంటుంది. నిర్ణయించిన వేళకు అదే బయటికి వచ్చి కొలుచుకుని లోపలికి వెళ్లిపోతుంది. చూడముచ్చటగా ఉంటుందని ఒప్పుకుంటాను.

అయినా పెళ్లి ఆల్బమ్ స్టూడియోకు దీన్ని మొదటి ఎంపికగా నేను చెప్పలేను. ఈ మానిటర్లు ఎక్కువగా విస్తృత రంగుల పరిధితో వస్తాయి. ప్రొఫైల్ చదవని ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను వాటి మీద తెరిస్తే ఎరుపులు నిప్పుల్లా మండుతూ కనిపిస్తాయి, డిజైనర్ వాటిని తగ్గిస్తాడు, ప్రింటు వెలవెలబోతుంది. ఖరీదు పెట్టి పాత తప్పునే తిరగేసి చేసినట్టవుతుంది. మ్యూజియం చిత్రాలను, కళాఖండాలను కాపీ చేసేవారికి, సొంత ప్రింటర్ మీద అచ్చు వేసి అమ్మేవారికి, రోజంతా కలర్ కరెక్షనే వృత్తిగా ఉన్నవారికి మాత్రం దీని విలువ దీనిదే. కాంతిని తరంగాల వారీగా కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్ కూడా అంతే: ప్రింటర్ కాగితాలకు సొంతంగా ప్రొఫైల్ చేసుకోవాలంటే అదే కావాలి, తెర ఒక్కటే కొలవడానికి కలరిమీటర్ చాలు, ముదురు నీడలను చౌక స్పెక్ట్రో కంటే అదే బాగా చదువుతుంది.

గది కూడా తెరలో భాగమే

గాంధీ రోడ్డు వంటి బజారులో అద్దాల తలుపుల స్టూడియోలో ఎండ నేరుగా తెర మీద పడుతుంటే, ఎంత మంచి పరికరమైనా చేసేది తక్కువ. ఎండ ఉన్నంతసేపు నీడలు కనబడవు. కనబడడం లేదని మనం నీడలు ఎత్తుతాం. తెరకు వెనుకగానో పక్కగానో కిటికీ వచ్చేలా టేబుల్ జరపడం, ఒక మందపాటి కర్టెన్ వేయడం, గోడకు గులాబీ, ఫ్లోరోసెంట్ ఆకుపచ్చల బదులు లేత బూడిద రంగు వేయించడం, ఇవన్నీ కలిపినా ఒక మెమొరీ కార్డు ఖర్చును పెద్దగా దాటవు. మన ఊరి స్టూడియోల్లో మరో ప్రత్యేకత ఉంది. మానిటర్‌కు సరిగ్గా పైన వెంకన్న పటం, దాని చుట్టూ రంగులు మారే సీరియల్ లైట్లు. స్వామిని తీయమని చెప్పే ధైర్యం నాకు లేదు. పటాన్ని వెనుక గోడకు మార్చి, తెల్లని దీపం పెట్టుకోమని మాత్రం చెబుతాను. ప్రింట్లు చూసే చోట సీఆర్‌ఐ (దీపం రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 90కి పైబడిన దీపం ఉంటే తెరతో పోల్చినప్పుడు అయోమయం తగ్గుతుంది.

పోల్చినా, తెర, కాగితం అచ్చుగుద్దినట్టు ఒకటి కావు. మంచి ఐపీఎస్ తెరలో తెలుపుకూ నలుపుకూ నిష్పత్తి 1000:1 దరిదాపుల్లో ఉంటుంది. కాగితానిది అందులో చిన్న భాగం. తెర వెలుగును తాను పుట్టిస్తుంది, కాగితం గదిలోని వెలుగును తిప్పి పంపుతుంది. ల్యాబ్ తన ప్రింటర్ ప్రొఫైల్ ఇస్తే ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ తెరిచి, కాగితం మీద ఏమి కోల్పోతామో ముందే చూడవచ్చు. ఇవ్వమని అడగడం మన వంతు.

కలంకారీ చీర చెప్పే సంగతి

శ్రీకాళహస్తి కలంకారీ చీరలను ఆన్‌లైన్‌లో అమ్మేవారి కోసం కొన్నాళ్లు ఫొటోలు తీశాను. ఫొటోలో ఒక రంగు, చేతికి అందినది మరో రంగు అని చీర తిరిగి వస్తే నష్టపోయేది చేతిపని వారే. కరక్కాయ పసుపు, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు, బెల్లమూ ఇనుపతుప్పూ నానబెట్టి చేసే నలుపు, ఇవన్నీ అణగిన రంగులు. ఎక్కువ భాగం ఎస్‌ఆర్‌జీబీలో హాయిగా ఇముడుతాయి. విస్తృత పరిధి మానిటర్ ఇక్కడ అవసరం లేదు. అయితే క్యాలిబ్రేట్ చేసిన తెర ముందు కూర్చున్నా మొదట్లో నీలం నాకు సరిగ్గా కుదరలేదు. లోపం తెరలో లేదు, తీసినప్పటి చౌక ఎల్‌ఈడీ దీపంలో ఉంది. కొన్ని రంగుల తరంగాలను ఆ దీపం సరిగ్గా ఇవ్వనప్పుడు, కెమెరా చూడని రంగును తెర ఎక్కడి నుంచి తెస్తుంది? మంచి దీపం, మొదటి ఫ్రేములో ఒక గ్రే కార్డు, వీలైతే 24 గళ్ల కలర్‌చెకర్, వీటి తరువాతే మానిటర్ తన వంతు చేయగలదు. చీరల అమ్మకం వంటి పని చేసేవారు బడ్జెట్‌ను కలరిమీటర్‌కూ దీపాలకూ మధ్య పంచుకోవాలి.

ఇక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌కు నా సలహా క్రమం ఇది. నేడే వెలుగు తగ్గించండి, మానిటర్‌ను ఎస్‌ఆర్‌జీబీ లేదా 6500 అమరికలో పెట్టండి. ఈ సీజన్ లాభంలోంచి కలరిమీటర్ కొనండి, లేదా తోటి స్టూడియోతో కలిసి కొనండి. ఉన్న మానిటర్ టీఎన్ ప్యానెల్ అయినా, ల్యాప్‌టాప్ తెర బలహీనమైనదైనా, తరువాతి కొనుగోలు ఎస్‌ఆర్‌జీబీ మొత్తాన్ని చూపే 24 లేదా 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్. రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టుకునేవారు రెండింటినీ కొలిచినా కాస్త తేడా మిగులుతుంది. వెనుక దీపాల రకం వేరైనప్పుడు పరికరం ఒకటే అన్నా కంటికి వేరుగానే తోస్తుంది. మంచిదాన్ని ఒకదాన్ని కలర్ పనికి కేటాయించి, రెండోదాన్ని ఫోల్డర్లకూ మెనూలకూ వదిలేయడం తెలివైన పని.

కొలత పూర్తయ్యాక ఒక పరీక్ష ప్రింటు వేయించండి. పసుపు రాసిన ముఖం, తలంబ్రాల బియ్యం, మల్లెపూల జడ, నల్లటి కోటు, చిలకపచ్చ పట్టు, ఇవన్నీ ఉన్న ఒక ఫొటోను ల్యాబ్‌లో ఎలాంటి కరెక్షన్ చేయవద్దని చెప్పి అచ్చు వేయించి, మానిటర్ పక్కనే ఉంచుకోండి. ప్రతి కొలత తరువాత అదే ఫైలును తెరిచి ఆ ప్రింటుతో పోల్చితే, మల్లెపూలలో నీలం, కోటు మడతల్లో వివరం ఎంత ఉన్నాయో వెంటనే తెలుస్తుంది. నెలకు ఒకసారి కొలిస్తే చాలు, పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యే ముందు తప్పనిసరి. నేను చివరి కొలత తేదీని, మానిటర్ మెనూలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వెలుగు అంకెలను ఒక చీటీ మీద రాసి తెర అంచుకు అతికిస్తాను. మా కుర్రవాడు తెర మసకగా ఉందని ఎప్పుడైనా వెలుగు పెంచితే, ఆ చీటీ చూసి మళ్లీ తానే తగ్గిస్తాడు.